కేన్సరు కిరణ చికిత్స: మన ప్రాంత చరిత్ర, మన బాధ్యత

ఈ శతవార్షికోత్సవ సంచికలో దేవాలయాలు కట్టిన వైనాన్ని, పాఠశాలల సేవను, గురువుల త్యాగాలను మాకంటె బాగా వ్రాయగల పెద్దలు ఉన్నారు. మన్సూరాబాద్ సంఘస్థులమైన మేము వేరొక చరిత్రను ఎంచుకున్నాము. అది మన ఇళ్లలోకి పిలవకుండా వచ్చిన ఒక రోగం చరిత్ర. దానికి ఎదురు నిలిచిన ఒక చికిత్స చరిత్ర. మేము వైద్యులము కాము. రోగులకు తోడుగా ఆసుపత్రి బెంచీల మీద కూర్చున్నవారము మాత్రమే. అక్కడ చూసినది, తరువాత చదివి తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాము.

మన పాత సమాధి పుస్తకాలు తిరగవేసినవారికి ఒక సంగతి తెలుస్తుంది. మరణ కారణం వ్రాసే గడిలో కేన్సరు అనే మాట చాలా కాలం వరకు కనబడదు. "కడుపులో గడ్డ", "నోటి పుండు", "ఎర్రబట్ట రోగం" అని ఉంటుంది. రోగం లేక కాదు, పేరు తెలియక. మన పెద్దలు దానిని రాచపుండు అన్నారు, పుట్టకురుపు అన్నారు. రాచపుండు వచ్చిందంటే ఇక ఆశ వదులుకోవడమే అనుకునే రోజులవి.

నేడు పేరు తెలిసింది, చికిత్స వచ్చింది. కాని చికిత్సకు మనవాళ్లు పెట్టుకున్న పేరే కొందరి పాలిట శాపమైంది. కేన్సరు రోగికి ఇచ్చే రేడియేషనును మన ఊళ్లలో "కరెంటు పెట్టడం" అంటారు. ఈ వ్యాసం వ్రాయడానికి ఆ మాటే కారణం.

ఆగిపోయిన పద్నాలుగో రోజు

కొన్నేళ్ల క్రితం మన సంఘంలో ఒక సహోదరికి గర్భసంచి ముఖద్వారంలో కేన్సరు అని తేలింది. వైద్యులు ఇరవై ఐదు రోజుల రేడియేషన్ వ్రాశారు. మొదటి రెండు వారాలు ఆమె ఒక్కతే బస్సెక్కి వెళ్లి వచ్చింది. మూడవ వారంలో విరేచనాలు పట్టుకున్నాయి, నీరసం వచ్చింది. పొరుగింటామె, "అక్కా, ఇంక పోకు. కరెంటు పెడ్తె లోపల పేగులు మాడిపోతయంట" అన్నది. ఇంట్లోవాళ్లు అప్పటికే ఆమె కంచం, గ్లాసు వేరు చేశారు. మనుమలను ఆమె పక్కన పడుకోనివ్వలేదు. పద్నాలుగో రోజు తరువాత ఆమె వెళ్లడం మానేసింది.

మనం ఆమె ఇంటికి వెళ్లాము, ప్రార్థన చేశాము, పండ్లు ఇచ్చి వచ్చాము. "రేపు ఆసుపత్రికి నీతో మేమెవరమైనా వస్తాము" అని మాత్రం ఎవరమూ అనలేదు. నెల దాటాక ఆమె మరల వెళ్లింది. వైద్యులు మిగిలినది పూర్తి చేశారు. కాని ఏడాది తిరగకముందే రోగం తిరుగబెట్టింది. చికిత్స ఆపకుంటే ఆమె తప్పక బ్రతికేదని మేము అనలేము. అది దేవునికే తెలుసు. అయితే ఆమెకు దక్కవలసిన అవకాశంలో కొంత భాగం మన అజ్ఞానం వల్ల పోయింది. ఆ అజ్ఞానం పోవాలంటే ఈ చికిత్స ఎక్కడ పుట్టి, ఏ దారిన మన దాకా వచ్చిందో తెలియాలి.

రేడియం కాలం

1895 నవంబరు 8న జర్మనీలోని వర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ అనే ఆచార్యుడు ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. మరుసటి సంవత్సరం ఫ్రాన్సులో బెకరెల్, యురేనియం నుండి వాటంతట అవే కిరణాలు వెలువడుతున్నాయని చూశాడు. 1898లో మేరీ క్యూరీ, ఆమె భర్త పియరీ కలిసి రేడియంను వెల్లడి చేశారు. బెకరెల్ రేడియం గొట్టాన్ని కోటు జేబులో పెట్టుకుంటే దాని కింది చర్మం కాలి పుండు పడింది. మంచి శరీరాన్ని కాల్చగలిగినది చెడ్డ గడ్డను కూడ కాల్చగలదు కదా అనే ఆలోచన వైద్యులకు అక్కడే తట్టింది.

రేడియం దొరకడం ఎంత కష్టమంటే, 1921లో అమెరికా స్త్రీలు చందాలు వేసుకొని మేరీ క్యూరీకి కానుకగా ఇచ్చిన ఒకే ఒక గ్రాము రేడియం ఖరీదు లక్ష డాలర్లు. దానితో ఆమె పరిశోధన సాగించింది. రక్షణ లేకుండా ఏళ్ల తరబడి ఆ కిరణాల మధ్య పనిచేసిన ఆమె 1934లో రక్తం క్షీణించే వ్యాధితో కన్నుమూసింది. తొలి రోజులలో ఈ పని చేసిన వైద్యులు, సహాయకులు ఎందరో వ్రేళ్లు పోగొట్టుకున్నారు, ప్రాణాలూ పోగొట్టుకున్నారు. కిరణం మీద మనకున్న భయం ఉత్త మూఢనమ్మకం కాదు. దాని వెనుక నిజమైన చరిత్ర ఉంది. కాని ఆ చరిత్ర అక్కడితో ఆగలేదు.

ఒకే దెబ్బలో ఎక్కువ కిరణం ఇస్తే గడ్డతో పాటు చుట్టూ ఉన్న మంచి కండ కూడ పోయేది. ఈ చిక్కును విడదీసినవాడు పారిస్ రేడియం సంస్థలోని క్లాడియస్ రెగో. ఆయన పొట్టేళ్ల మీద పరీక్షలు చేశాడు. వృషణాలలో వీర్యం పుట్టడం ఆగేటంత కిరణం ఒక్కసారే ఇస్తే పైచర్మం కాలిపోయింది. దానినే భాగాలుగా పంచి, కొన్ని రోజులు ఇస్తే పని జరిగింది, చర్మం నిలిచింది. వేగంగా పెరిగే కణాలు విడతలుగా తగిలే దెబ్బలకు తట్టుకోలేవు. చుట్టూ ఉన్న మంచి కణాలు మధ్యలో దొరికే వ్యవధిలో తమను తాము బాగుచేసుకుంటాయి. అదే సంస్థలో ఆన్రీ కుటార్ 1920వ దశకంలో గొంతు కేన్సరు రోగులకు ఈ పద్ధతి పాటించి, కత్తి పెట్టకుండానే కొందరిని బాగుచేశాడు.

మన సహోదరికి ఇరవై ఐదు రోజులు ఎందుకు వ్రాశారో దీనిని బట్టి గ్రహించవచ్చు. అది వైద్యుల తాత్సారం కాదు. రోగిని కాపాడుతూ రోగాన్ని చంపడానికి కనిపెట్టిన ఉపాయం అది.

మదరాసు, రాయవేలూరు, బొంబాయి

తెలుగు జిల్లాలు మదరాసు రాజధానిలో ఉన్న రోజులలో, 1934లో మదరాసు జనరల్ ఆసుపత్రిలో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ ఏర్పడింది. బొంబాయిలో 1941 ఫిబ్రవరి 28న టాటా స్మారక ఆసుపత్రి తెరిచారు. సర్ దొరాబ్జీ టాటా భార్య మెహెర్‌బాయి 1931లో రక్త కేన్సరుతో మరణించారు. ఆ దుఃఖం నుండే ఆ ఆసుపత్రి పుట్టింది.

మదరాసు అడయారులోని కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ వెనుక కూడ ఒక ఇంటి దుఃఖమే ఉంది. డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారి చెల్లెలు పెద్దప్రేగు చివరి భాగంలో వచ్చిన కేన్సరుతో మరణించింది. ఆనాడు దానికి సరియైన చికిత్స దొరకలేదు. ఆ బాధను గుండెలో దాచుకున్న ముత్తులక్ష్మీ రెడ్డిగారు ఏళ్ల తరబడి ప్రయత్నించి, భారత మహిళా సంఘం తరఫున 1954లో పన్నెండు పడకలతో ఆ ఆసుపత్రిని ఆరంభించారు. ఆమె కుమారుడు డాక్టరు కృష్ణమూర్తి, ఆయనతో డాక్టరు శాంత దానిని పెంచారు. దేశంలో మొదటి కోబాల్టు యంత్రం ఆ దశకంలోనే అక్కడికి వచ్చింది. శాంతగారు 2021లో కన్నుమూసేవరకు ఆ ఆవరణనే ఇల్లుగా చేసుకున్నారు. ఆ చెల్లెలికి వచ్చిన జాతి కేన్సరుకు నేడు చాలామందికి ఆపరేషనుకు ముందే రేడియేషన్ ఇచ్చి, గడ్డను కుదించి, తరువాత కోస్తున్నారు.

మన క్రైస్తవ సంఘాలకు బాగా తెలిసిన పేరు రాయవేలూరు. డాక్టరు ఐడా ఎస్. స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన పని అక్కడ పెద్ద వైద్య కళాశాలగా ఎదిగింది. ఆమె మేనకోడలు, అదే పేరుగల డాక్టరు ఐడా బి. స్కడర్, అక్కడ రేడియేషన్ చికిత్సా విభాగానికి పునాది వేసింది. నేటికీ ఆ విభాగం ఆమె పేరుతోనే ఉంది. రాయలసీమ నుండే కాక, తెలుగు నాడు నలుమూలల నుండి రోగులు మూటాముల్లె కట్టుకొని రాయవేలూరు రైలెక్కేవారు. నెలన్నర చికిత్స అంటే నెలన్నర అక్కడే గది అద్దెకు తీసుకొని వండుకొని తినవలసిందే. పొలం తాకట్టు పెట్టి వెళ్లినవారు, అప్పు పుట్టక మధ్యలోనే తిరిగి వచ్చినవారు మన పెద్దల జ్ఞాపకాలలో ఉన్నారు.

రెడ్ హిల్స్‌కు వచ్చిన వెలుగు

హైదరాబాదులో ఆ కొరత తీర్చడానికి నడుము కట్టినవారు నవాబు మెహదీ నవాజ్ జంగ్. ఆయన హైదరాబాదు రాష్ట్రంలో మంత్రిగా పనిచేశారు. 1960లో గుజరాతు ఏర్పడినప్పుడు దాని మొదటి గవర్నరు అయ్యారు. 1955లో ఆయన చొరవతో వెలిసిన కేన్సరు ఆసుపత్రి నేడు ఆయన పేరుతో, జనం నోట "ఎం.ఎన్.జె."గా, నిలోఫర్ ఆసుపత్రికి సమీపాన రెడ్ హిల్స్‌లో ఉంది. ప్రభుత్వ యాజమాన్యంలో ప్రాంతీయ కేన్సరు కేంద్రంగా పనిచేస్తున్నది. 2023లో అరబిందో ఫార్మా ఫౌండేషన్ విరాళంతో దానికి కొత్త భవనం సమకూరింది.

మెహదీ నవాజ్ జంగ్ బంజారా హిల్స్‌లో తొలి రోజులలోనే ఇల్లు కట్టుకున్నవారు. అప్పటి ఆ రాళ్ల గుట్టల మీదనే, కేన్సరుతో మరణించిన తన భార్య బసవతారకంగారి జ్ఞాపకంగా ఎన్.టి. రామారావుగారు తలపెట్టిన ఇండో అమెరికన్ కేన్సరు ఆసుపత్రి 2000 సంవత్సరంలో ప్రారంభమైంది. ఆ తరువాత నగరంలో మరికొన్ని ఆసుపత్రులలోను ఈ యంత్రాలు వచ్చాయి.

మన్సూరాబాద్ ఆ రోజులలో చెరువులు, పొలాలు ఉన్న పల్లె. ఇక్కడివారు హయత్‌నగర్ రోడ్డు మీద బస్సు పట్టుకొని అఫ్జల్‌గంజ్ చేరి, అక్కడ నుండి మరొక బస్సో రిక్షానో ఎక్కి రెడ్ హిల్స్ వెళ్లేవారు. అనారోగ్యంతో ఉన్న మనిషికి రోజూ అదొక దండయాత్ర. 2018 సెప్టెంబరు 24న ఎల్.బి. నగర్ నుండి అమీర్‌పేట వరకు మెట్రో రైలు నడిచింది. నేడు ఎల్.బి. నగర్‌లో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగితే ఆసుపత్రి దగ్గరే. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కేన్సరు చికిత్సకు కూడ వర్తిస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచారు. వివరాలకు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగాలి.

దూరం తగ్గింది, ఖర్చు తగ్గింది. తగ్గవలసినది ఇక భయమే.

యంత్రం లోపల ఏముంది?

"కరెంటు" అనే మాట ఎట్లా పుట్టిందో ఊహించడం కష్టం కాదు. మందపాటి గోడల గది, బరువైన తలుపు, దాని మీద ఎర్ర దీపం, లోపల పెద్ద యంత్రం, రోగి ఒక్కడే బల్ల మీద. యంత్రం చిన్నగా రొద చేస్తుంది. పిచ్చాసుపత్రిలో "కరెంటు షాక్" గురించి విన్నవారికి ఇదీ అదే అనిపిస్తుంది. నిజానికి రోగి ఒంట్లోకి ఏ విద్యుత్తూ పోదు. ఛాతీకి ఎక్స్‌రే తీసినప్పుడు ఏమి తెలుస్తుందో, ఇక్కడా అంతే. నొప్పి లేదు, మంట లేదు. కొన్ని నిముషాలలో అయిపోతుంది. వైద్యులు కిటికీ నుండో టీవీ తెర మీదనో చూస్తూనే ఉంటారు.

కోబాల్టు యంత్రంతో మొదటి రోగులకు 1951లో కెనడాలో చికిత్స జరిగింది. దానిలో కోబాల్టు-60 అనే లోహం ఉంటుంది. దాని బలం సుమారు 5.27 సంవత్సరాలలో సగానికి తగ్గుతుంది. అందుకే పాత కోబాల్టు ఉన్నచోట రోగి బల్ల మీద ఎక్కువ సేపు ఉండవలసి వస్తుంది, కొన్నేళ్లకు లోహాన్ని మార్చవలసి వస్తుంది. మన దేశపు అణు శాస్త్రవేత్తలు భాభాట్రాన్ పేరుతో స్వదేశీ కోబాల్టు యంత్రాన్ని తయారుచేశారు; అది 2005 నుండి వాడుకలోకి వచ్చింది. రెండవ జాతి యంత్రం లినియర్ యాక్సిలరేటర్. 1953లో లండన్‌లో దానితో మొదటి రోగికి చికిత్స చేశారు. దీనిలో ఏ లోహమూ దాచి ఉండదు. విద్యుత్ శక్తితో కిరణాన్ని అప్పటికప్పుడు పుట్టిస్తుంది. మీట ఆపితే కిరణమూ ఆగుతుంది. కరెంటు యంత్రానికి కావాలి, రోగికి తగలదు.

బయటి నుండి కిరణం తీసుకున్న రోగి శరీరంలో ఆ కిరణం నిలువ ఉండదు. ఎక్స్‌రే తీయించుకున్నవాడు ఇంటికి ఎక్స్‌రే మోసుకురాడు కదా! కనుక అట్టివారి కంచం వేరు చేయడం, పసిబిడ్డలను వారి ఒడి నుండి లాగివేయడం అనవసరం; అంతకంటె క్రూరమైనది లేదు. కేన్సరు అంటురోగం కాదు. అయితే థైరాయిడ్ కేన్సరుకు త్రాగించే రేడియో అయోడిన్ సంగతి వేరు. అప్పుడు మాత్రం కొన్నాళ్లు ఎడంగా ఉండమని వైద్యులే చెబుతారు. ఆ గడువు తీరాక మామూలే.

ఏ రోగానికి ఏ పద్ధతి

కేన్సరు ఒక్కటే రోగం కాదు. శస్త్ర చికిత్స, మందులు, కిరణం అనే మూడు ఆయుధాలలో దేనిని ముందు, దేనిని వెనుక వాడాలో నిపుణులు కలిసి నిర్ణయిస్తారు. మన ఇళ్లలో ఎక్కువగా వినిపించే నాలుగు రోగాల గురించి చెబుతాము.

గర్భసంచి ముఖద్వార కేన్సరు ముదిరిన దశలో కిరణమే ప్రధాన చికిత్స. రోజుకు రెండు గ్రేలకు అటుఇటుగా, వారానికి ఐదు రోజులు, సుమారు ఐదు వారాలు ఇస్తారు. గ్రే అనేది కిరణాన్ని కొలిచే కొలత. 1999 నుండి వారానికొకసారి సిస్‌ప్లాటిన్ అనే మందును కూడ జతచేస్తున్నారు. దానివల్ల బ్రతికేవారి సంఖ్య పెరిగింది. ఆ తరువాత లోపలి నుండి కిరణం ఇస్తారు. వెనుకటి రోజులలో రేడియం గొట్టాలు లోపల పెట్టి రోగిని రోజుల తరబడి కదలకుండ పడుకోబెట్టేవారు. నర్సులకూ ముప్పు ఉండేది. నేడు ఇరిడియంతో ఆ పని నిముషాలలో ముగుస్తుంది. ఇది వద్దని ఇంటికి వచ్చేయడం సగం చికిత్స వదులుకోవడమే.

నోటి కేన్సరుకు సాధారణంగా ముందు ఆపరేషన్, అవసరమైతే తరువాత ఆరు వారాల కిరణం. గొంతు పెట్టె కేన్సరు తొలి దశలోనే దొరికితే కిరణం ఒక్కటే చాలు. రోగి గొంతు, అంటే అతని పాట, అతని మాట, దక్కుతుంది. నోటి కేన్సరుకు మూలం పొగాకు. శ్రీకాకుళం ప్రాంతంలో చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకొని కాల్చే "అడ్డపొగ" అలవాటు మీద 1971లో అచ్చయిన పరిశీలనలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, అంగిలి మీద అది కలిగించే మార్పులను లోకానికి చూపారు. మన వైపు అడ్డపొగ లేదు. జర్దా, గుట్కా ఉన్నాయి. చేసే చెరుపు ఒకటే.

రొమ్ము కేన్సరులో గడ్డను మాత్రమే తీసి రొమ్మును నిలిపినవారికి తరువాత కిరణం తప్పనిసరి. వెనుక ఐదు వారాలు పట్టేది. బ్రిటిషు పరిశీలనల ఫలితాలు 2008లో వెలువడిన తరువాత చాలామందికి మూడు వారాలు సరిపోతున్నది.

ఎముకలకు ప్రాకిన కేన్సరుకు పూర్తి స్వస్థత కష్టం. కాని నొప్పి తగ్గించడానికి చాలామందికి ఒక్కరోజు, ఒక్కసారి ఇచ్చే ఎనిమిది గ్రేలు చాలు. "ఇంక లాభం లేదట, ఎందుకు తీసుకెళ్లాలి" అనే ఇళ్లలో ఈ సంగతి తెలిసి ఉంటే, రాత్రంతా మూలిగే మనిషి కొన్నాళ్లు నిద్రపోయేవాడు.

ఒక్కొక్క రోజు విలువ

రెగో పొట్టేళ్లు నేర్పిన పాఠానికి రెండవ వైపు ఉంది. వ్యవధి ఇస్తే మంచి కణాలు కోలుకుంటాయి. మరీ ఎక్కువ వ్యవధి ఇస్తే కేన్సరు కణాలూ తేరుకొని మరల పెరుగుతాయి. గర్భసంచి ముఖద్వార కేన్సరులో బయటి కిరణం, లోపలి కిరణం రెండూ కలిపి ఎనిమిది వారాలలో ముగియాలి. ఆపైన సాగిన ఒక్కొక్క రోజుకు రోగం అదుపులోకి వచ్చే అవకాశం సుమారు నూటికి ఒక వంతు చొప్పున తగ్గుతుందని పరిశీలనలు తెలిపాయి. నోరు, గొంతు కేన్సర్లలోనూ ఆలస్యం ఇట్లాగే చెరుపు చేస్తుంది. మన సహోదరి పోగొట్టుకున్నది ఆ రోజులనే.

మధ్యలో వచ్చే బాధలు నిజమే. పొత్తికడుపుకు ఇచ్చినప్పుడు విరేచనాలు, మూత్రంలో మంట రావచ్చు. నోటికి ఇచ్చినప్పుడు నోరు పూస్తుంది, లాలాజలం ఎండుతుంది, రుచి పోతుంది. చర్మం నల్లబడుతుంది. వీటిలో చాలా భాగం చికిత్స ముగిసిన కొన్ని వారాలలో తగ్గుతుంది, మందులు ఉన్నాయి. బాధ కలిగితే మానేయరాదు, వైద్యునికి చెప్పాలి. చర్మం మీద గీసిన గుర్తులను రుద్ది కడుగరాదు. అడగకుండా నూనె, పసుపు, పౌడరు రాయరాదు. దవడకు చికిత్స మొదలయ్యే ముందే పళ్లు చూపించుకోవాలి. ఏ కారణం చేతనైనా ఒక రోజు తప్పితే దాచకుండ చెప్పాలి. వారు లెక్క సరిచేస్తారు.

ముందుగా పట్టుకుంటే ఈ అవస్థ చాలావరకు తప్పుతుంది. బొంబాయి మురికివాడలలో సుమారు 1,50,000 మంది స్త్రీలతో టాటా ఆసుపత్రివారు చేసిన పరిశీలన ఫలితాలు 2013లో వెలువడ్డాయి. శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు పలచని వినెగార్ పూసి కంటితో చూసే పరీక్ష చేసినందువలన గర్భసంచి ముఖద్వార కేన్సరు మరణాలు 31 శాతం తగ్గాయి. మన స్త్రీల సహవాసాలు ఈ మాటను సిగ్గుపడకుండ చెప్పుకోవాలి.

నయం కానివారి సంగతి

అందరూ బాగుపడరు. ఆ సత్యాన్ని కప్పిపుచ్చడం మా ఉద్దేశం కాదు. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే క్రైస్తవ వైద్యురాలు సెయింట్ క్రిస్టఫర్స్ అనే ఆశ్రమాన్ని తెరిచి, చావుకు దగ్గరైనవారి నొప్పిని తీర్చడం కూడ వైద్యమేనని చూపింది. మన ఎం.ఎన్.జె.లోను నొప్పి నివారణ విభాగం ఉంది. నోటితో వేసుకునే మార్ఫిన్ మందును వైద్యుల పర్యవేక్షణలో ఇస్తారు. "మత్తుమందు అలవాటవుతుంది" అని భయపడి ఇంటి పెద్దను నొప్పితో చంపుకోవడం భక్తి కాదు. నొప్పి భరించడమే విశ్వాసానికి పరీక్ష అని చెప్పేవారికి మా జవాబు ఒక్కటే: గాయపడినవానిని చూసి పక్కగా పోయినవాడు పొరుగువాడు కాలేదు, గాయం కట్టి, సత్రానికి మోసుకుపోయి, ఖర్చు పెట్టుకున్నవాడే అయ్యాడు.

ముప్పై మూడు రోజులు

ఆ సహోదరి సమాధి దినాన మాలో కొందరము ఒక నిర్ణయం చేసుకున్నాము. మరుసటి సంవత్సరం సంఘంలో ఒక పెద్దాయనకు గొంతులో కేన్సరు అని తేలింది. ఆయన ఆటోనగర్‌లో లారీలకు రంగులు వేసేవాడు. ముప్పై మూడు రోజుల రేడియేషన్ వ్రాశారు. మేము ఒక నోటు పుస్తకంలో ముప్పై మూడు గీతలు గీసి, ఒక్కొక్క గీత మీద ఒక్కొక్క ఇంటి పేరు వ్రాశాము. ఆ రోజు ఆ ఇంటివారు పెద్దాయనను మెట్రోలో తీసుకెళ్లి, బల్ల మీద పడుకోబెట్టి, బయట కూర్చొని, తిరిగి తెచ్చి దించాలి. ఇరవయ్యో రోజుకు ఆయన మింగలేకపోయాడు. రాగి జావ, మెత్తటి కిచిడీ వండి పంపినవారు ఉన్నారు. "నాకొద్దు బిడ్డా, పాణం విసిగింది" అన్న రోజున కోడలు ఏడ్చింది; ఆనాటి వంతు ఉన్న కుర్రవాడు మాత్రం ఏమీ వాదించకుండ, "తాతా, చెప్పులేసుకో, రైలు వెళ్లిపోతది" అన్నాడు. ఆయన చెప్పులు వేసుకున్నాడు.

ముప్పై మూడు గీతలూ నిండాయి. ఒక్క రోజు తప్పలేదు. ఆయన గొంతు కొంచెం బొంగురు పోయింది కాని, ఆదివారం పాటలో మరల వినబడుతున్నది.

వంద సంవత్సరాల చరిత్రలో మన సంఘాలు బడులు కట్టాయి, ఆసుపత్రులు కట్టాయి. నేడు యంత్రాలు కొనే శక్తి ఒక చిన్న సంఘానికి లేదు. ఆ అవసరమూ లేదు. యంత్రాలు రెడ్ హిల్స్‌లో ఉన్నాయి, రాయవేలూరులో ఉన్నాయి. వాటి దగ్గరకు ఒక మనిషిని రోజూ, చివరి రోజు వరకు, నడిపించే మరొక మనిషి కావాలి. మన డయాసిస్‌లోని ప్రతి సంఘమూ ఒక నోటు పుస్తకం కొనాలని, అందులో గీతలు గీయాలని మా మనవి. మరొక మనవి: ఇక మీదట మన ఇళ్లలో దానిని కరెంటు అనవద్దు. కిరణ చికిత్స అందాము. బిడ్డలకూ అట్లాగే నేర్పుదాము.